కానరాని పగ్గములు: రేడియో కార్ల పందెములు, వాని మర్యాదల చరిత్ర

పల్నాడు జిల్లాలోని ఈపూరు వంటి ఊరిలో ఇద్దరు పిల్లలు కోటప్పకొండ తిరునాళ్ళలో ఒకే అంగడిన రెండు ఆటకార్లు కొని తెచ్చుకొన్నారనుకొందము. రెండును రిమోటుతో నడచునవే. ఇంటి ముందరి సిమెంటు బాటపై రెండింటిని నిలిపి ఒకడు తన రిమోటు మీట నొక్కును. వాని కారుతోపాటు రెండవవాని కారు కూడ కదలును. రెండవవాడు తన కారును వెనుకకు మరలింపబోవును. మొదటివాని కారు పోయి అరుగుకు కొట్టుకొనును. కొంతసేపు నవ్వు, ఆ పిదప జగడము. “నువ్వు నొక్కమాకురా, ముందు నేను” అని ఒకడు, “నా కారు నువ్వెందుకు తిప్పావు?” అని మరియొకడు. తుదకు పెద్దవారెవరో వచ్చి, “ఒకరి తరువాత ఒకరు ఆడుకోండిరా” అని తీర్పు చెప్పుదురు.

ఆ తీర్పులో ఒక శాస్త్రవిషయమును, ఒక క్రీడాచరిత్రయు ఇమిడియున్నవి. రేడియో తరంగములతో చిన్న కార్లను నడపి పందెములాడు క్రీడ ప్రపంచమున అరువది యేండ్ల నుండి సాగుచున్నది. అందు మొదట పుట్టిన సమస్య ఈ పిల్లల సమస్యయే. దానికి మొదట దొరికిన పరిష్కారమును ఈ పెద్దల తీర్పే. యంత్రములు ఎంత మారినను, ఆ తీర్పు వెనుకనున్న మర్యాద ఎందుకు మారలేదో తెలిసికొనుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

తోలువాడు ఎక్కని బండి

పల్నాటివారికి పందెము క్రొత్త కాదు. ఈ సీమలో పండుగలకు, తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుట అందరెరిగినదే. ఒంగోలు జాతి ఎడ్లజత బరువైన రాతిబండను నిర్ణీతకాలములో ఎంత దూరము లాగునో కొలిచి విజేతను తేల్చుదురు. అక్కడ తోలువాడు బండపై కూర్చుండడు. ప్రక్కన పరుగెత్తుచు అదలించును. ఎద్దులకు తగిలిన దెబ్బ అతనికి తగులదు. కనుకనే చూచువారు అతని చేతిలోని చెర్నాకోలను కనిపెట్టి చూతురు. కొట్టి లాగించుట గొప్ప కాదు, ఎద్దుల బలమెరిగి నడిపించుటయే పనితనమని అనుభవజ్ఞులు భావింతురు.

ఇదే సీమకు పందెమును గూర్చిన మరియొక జ్ఞాపకము కలదు. పండ్రెండవ శతాబ్దిలో మాచెర్ల, గురజాల పక్షముల నడుమ జరిగిన కోడిపందెమున బ్రహ్మనాయుని పక్షము ఓడి, షరతు ప్రకారము ఏడేండ్లు వలసపోయినదనియు, గడువు తీరిన పిదప రాజ్యభాగము తిరిగి ఈయకపోవుటచే కారెంపూడి యుద్ధము సంభవించినదనియు పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. ఆ కథలో ఓడినవారు మాట నిలుపుకొనిరి, గెలిచినవారు నిలుపుకొనలేదు. పందెము చెడునది తరచుగా ఓటమి వలన కాదు, పందెము చుట్టునున్న మాట చెడుట వలన.

రేడియో కారు పందెమునకును ఈ రెండు లక్షణములు కలవు. డ్రైవరు కారులో ఉండడు. ఎత్తైన వేదికపై నిలిచి, చేతిలోని ప్రసారిణితో దూరము నుండి నడుపును. కారు తలక్రిందులైనను అతనికి గాయము కాదు. నిజమైన మోటారు పందెములలో ప్రాణభయము మనిషిని కొంత అదుపులో ఉంచును. ఇక్కడ ఆ భయము లేదు. భయము చేయవలసిన పనిని మర్యాద చేయవలసియున్నది.

తీగ లేని ఆజ్ఞ

దూరము నుండి యంత్రమును నడుపు విద్య రేడియో పుట్టిన నాళ్ళలోనే పుట్టినది. 1890లో ఫ్రాన్సు దేశస్థుడైన బ్రాన్లీ ఒక చిన్న గాజుగొట్టములో లోహపు రజను నింపి, విద్యుదయస్కాంత తరంగములు సోకినప్పుడు ఆ రజను గుండా విద్యుత్తు సులభముగా ప్రవహించునని కనుగొనెను. అనగా దూరమున పుట్టిన తరంగము ఇక్కడ ఒక మీట నొక్కినట్లు పనిచేయునన్నమాట. 1895 ప్రాంతమున జగదీశచంద్ర బోసు కలకత్తా టౌనుహాలులో, గోడల నుండి దూసికొనిపోవు తరంగములతో దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపెను. తీగలేకుండ ఆజ్ఞ పంపవచ్చునని మన దేశమున జనులు కన్నులార చూచిన తొలి సందర్భములలో అది యొకటి.

1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనశాలలో ఒక నీటితొట్టి ఏర్పాటుచేసి, అందొక చిన్న పడవను రేడియో తరంగములతో నడిపెను. ఆ యేడు నవంబరు 8వ తేదీన దానికి అమెరికా పేటెంటు లభించెను. తీగ లేకుండ పడవ తిరుగుట చూచి జనులు నిశ్చేష్టులైరి. టెస్లా అక్కడితో ఆగలేదు. తన పడవను ఇతరుడెవడైనను తన తరంగములతో మరలించినచో ఏమగును? ఈ ప్రశ్న ఆయనను వేధించెను. రెండు వేర్వేరు పౌనఃపున్యములు ఒకేసారి అందిననే తప్ప గ్రాహకము పనిచేయని పద్ధతిని ఆయన ఆలోచించెను. పౌనఃపున్యమనగా సెకనుకు తరంగము చేయు కంపనముల సంఖ్య. ఈ విధముగా దూరనియంత్రణము పుట్టిన కొలది కాలములోనే ‘నీ ఆజ్ఞ, నా ఆజ్ఞ’ అను తగవు కూడ పుట్టినది.

నేలపై నడచు బండికి ఈ విద్యను తొలుత అన్వయించినవారిలో స్పెయిను దేశపు ఇంజనీరు లియొనార్డో టోరెస్ కెవెదో ముఖ్యుడు. ఆయన ‘టెలికినో’ అను సాధనమును 1903లో పారిసు విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. 1904లో మాడ్రిడ్ నగరమున ఒక మూడుచక్రముల బండిని దానితో నడిపెను. 1906లో బిల్బావో రేవున రాజు ఆల్ఫోన్సో ఎదుట మనుషులెక్కిన పడవను ఒడ్డు నుండి నడిపి చూపెను.

1925లో న్యూయార్కు వీథులలో మరియొక వింత జరిగెను. ఫ్రాన్సిస్ హుడినా అను ఇంజనీరు ‘అమెరికన్ వండర్’ అని పేరుపెట్టిన పెద్ద మోటారుకారును, అందెవరును కూర్చుండకుండ, వెనుక వచ్చు మరియొక కారులో నుండి రేడియోతో నడిపించెను. బ్రాడ్వే వీథిన అది కొంతదూరము పోయి, తుదకు ఛాయాచిత్రకారులున్న కారును గ్రుద్దుకొనెను. బండి ఎక్కని తోలువాడు పరుల క్షేమమునకు ఎంత బాధ్యుడో ఆ ఘటన ముందుగనే చెప్పినది.

బొమ్మకారు పందెపుకారైన విధము

ఆ కాలపు రేడియో సాధనములు బరువైనవి. చిన్న కారులో ఇముడునవి కావు. కనుక 1930ల చివర అమెరికాలో చిన్న పెట్రోలు యంత్రములు గల కార్లను నడిమి గుంజకు తీగతో కట్టి గుండ్రముగ పరుగెత్తించు ఆట వెలసినది. అందు వేగమే కాని, మలుపు త్రిప్పు అవకాశము లేదు. 1957లో ఇంగ్లండున ‘స్కేలెక్స్‌ట్రిక్’ అను విద్యుత్తు కార్లు వచ్చినవి. అవి బాటలోని గాడి వెంబడి పోవును. అందును వేగము పెంచుట, తగ్గించుట తప్ప డ్రైవరు చేయునది లేదు. రెండు కార్లు రెండు గాడులలో పోవును గనుక, ఒకరి దారికి ఒకరు అడ్డు వచ్చుట అరుదు. అడ్డు వచ్చు వీలు లేనిచోట దారి ఇచ్చుట అను సుగుణమునకును తావు లేదు.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టుటతో రేడియో గ్రాహకము అగ్గిపెట్టె ప్రమాణమునకు తగ్గుటకు మార్గమేర్పడెను. మొదటి సాధనములలో మీట ఒకసారి నొక్కిన కుడికి, వదలి మరల నొక్కిన ఎడమకు చక్రములు తిరిగెడివి. నడిమి స్థితులు లేవు. 1960లలో వ్యాప్తికి వచ్చిన ‘అనుపాత నియంత్రణము’ ఈ లోపమును తీర్చెను. డ్రైవరు చేయి ఎంత త్రిప్పిన, చక్రము అంతయే తిరుగును. ఈ పద్ధతిలో ప్రసారిణి సెకనుకు సుమారు 50 పర్యాయములు చిన్న స్పందనములను పంపును. స్పందనము ఒకటిన్నర మిల్లీసెకను నిలిచిన చక్రము తిన్నగా ఉండును. ఒక మిల్లీసెకనుకు తగ్గిన ఒకవైపునకు, రెండు మిల్లీసెకనులకు పెరిగిన రెండవవైపునకు పూర్తిగా మరలును. మిల్లీసెకను అనగా సెకనులో వేయవవంతు. ఎడ్లబండి పగ్గమును తోలువాడు బిగించుట, వదలుట ఎట్లో, ఇక్కడ కాలమును సాగదీయుట, కుదించుట అట్లు. ఈ పగ్గములు కంటికి కానరావు, అంతియే భేదము.

1966లో ఇటలీ దేశపు ‘ఎల్జీ’ అను బొమ్మల సంస్థ పండ్రెండవవంతు ప్రమాణములో ఫెరారి కారును రేడియోతో నడచునట్లు చేసి విక్రయించెను. అట్టి తొలి సరకులలో అది యొకటి. 1967లో అమెరికాలో ‘రోర్’ అను పందెగాండ్ర సంఘము ఏర్పడినది. 1976లో జపాను దేశపు టమియా సంస్థ పోర్షే 934 నమూనాను రేడియో కారుగా విడుదల చేయుటతో ఈ ఆట సామాన్య కుటుంబముల ఇండ్లకు చేరెను. 1977లో కాలిఫోర్నియాలోని పమోనా వద్ద ఎనిమిదవవంతు ప్రమాణపు కార్లకు తొలి ప్రపంచపోటీ జరిగినది. పిదప ఐరోపా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, దూరప్రాచ్య ఖండముల సంఘములు కలిసి ‘ఇఫ్మార్’ అను ప్రపంచ సమాఖ్య క్రింద నియమములను ఏకము చేసికొనినవి.

ఆరు రంగుల కాలము

ఈ కార్లకు పెక్కు దేశములలో తొలుత కేటాయింపబడిన తరంగములు 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమునవి. అందు 26.995 మొదలు 27.255 వరకు ఆరు పౌనఃపున్యములు వాడుకలో ఉండెను. వానిని గుర్తించుటకు ఆరు రంగులు పెట్టిరి: గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము. ప్రసారిణిలో ఒక స్ఫటికము, గ్రాహకమున దానికి జోడైన స్ఫటికము ఉండును. స్ఫటికపు కోతను బట్టి దాని కంపనసంఖ్య నిర్ణయమగును. స్ఫటికము మార్చిన రంగు మారును. కనుక ఆ తరంగములపై ఒకేసారి ఆరు కార్లు మాత్రమే కలతలేక పరుగెత్తగలవు.

ఎరుపు తరంగముపై ఒక కారు బాటలో పరుగెత్తుచున్నదనుకొందము. వేదిక వెనుక బల్లవద్ద మరియొకడు తన కారును పరీక్షించుటకు ఎరుపు ప్రసారిణి మీటనే నొక్కెను. రెండు ప్రసారిణుల స్పందనములును బాటలోని కారు గ్రాహకమున కలిసిపోవును. ఏది ఒకటిన్నర మిల్లీసెకనో, ఏది రెండో దానికి తెలియదు. కారు పూర్తివేగముతో ఏ దిక్కునకైన దూసికొనిపోవచ్చును. తప్పు చేసినవాడు బల్లవద్ద నుండును. దెబ్బ తినునది బాటప్రక్కన నిలిచినవాడు. తప్పు చేసిన సంగతి చేసినవానికే తెలియకపోవచ్చును.

దీనికి పందెగాండ్రు కనిపెట్టిన ఉపాయము అతి సామాన్యమైనది. క్రీడాస్థలమున ఒక చెక్కపలక వ్రేలాడదీసి, దానిపై ప్రతి పౌనఃపున్యమునకు ఒక క్లిప్పు నుంచిరి. బట్టలారవేయు క్లిప్పు వంటిదే. ఎరుపు ప్రసారిణి వెలిగింపదలచినవాడు ముందు పలక వద్దకు పోయి ఎరుపు క్లిప్పు తీసికొని తన ప్రసారిణికి తగిలించుకొనవలెను. పని ముగియగనే క్లిప్పును మరల పలకపై పెట్టవలెను. పలకపై క్లిప్పు లేకున్న వేచియుండవలెను. పెద్ద పోటీలలో ప్రసారిణులన్నింటిని నిర్వాహకులే స్వాధీనము చేసికొని, ఎవరి పందెమునకు వారికి ఇచ్చెడివారు.

మేలైన ఎలక్ట్రానిక్ సాధనము పనిచేయుట ఒక కొయ్యక్లిప్పుపైనను, దానిని తీసికొనువాని నిజాయితీపైనను ఆధారపడెను. ‘ఒకరి తరువాత ఒకరు’ అను ఈపూరు పెద్దల తీర్పు ఇక్కడ క్లిప్పు రూపము దాల్చినది. అందరును ఎదుటివాని క్షేమమును తలచి మీటపై నుండి వ్రేలు తీసిననే పందెము జరుగును. క్రొత్తగా వచ్చిన పిల్లవానికి కారు నడుపుటకంటె ముందు నేర్పెడి పాఠమిదియే.

బాటపై నీతి

ఈ కార్లను బొమ్మలని తేలికగా చూచుట పొరపాటు. పదవవంతు ప్రమాణపు కారు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోగ్రాముల బరువు ఉండును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు దాదాపు 16.7 మీటర్లు పోవును. మనిషి కన్ను చూచి చేయి కదలించుటకు కనీసము సెకనులో ఐదవవంతు పట్టును. ఆ లోపల కారు 3.3 మీటర్లు, అనగా తన పొడవుకు ఎనిమిది రెట్ల దూరము దాటిపోవును. ఆ వేగమున దానికుండు శక్తి, అదే కారును సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అనగా నాలుగంతస్థుల మేడపై నుండి జారవిడిచినప్పుడు నేలను తాకునాటి శక్తికి సమానము. అట్టిది ఒకని చీలమండకు తగిలిన ఏమగునో ఊహింపవచ్చును.

దీనికి తోడు మరియొక చిక్కు కలదు. కారు డ్రైవరునుండి దూరముగా పోవునప్పుడు అతని కుడియే దాని కుడి. అది అతని వైపునకు తిరిగి వచ్చునప్పుడు కుడియెడమలు తారుమారగును. క్రొత్తవారు ఇక్కడనే తడబడి ఇతరుల కార్లను గ్రుద్దుదురు. కనుక ప్రమాదములన్నియు దుర్బుద్ధి వలన కలుగునవి కావు. ఏది పొరపాటు, ఏది కావలెనని చేసినది అన్నది వేదికపై నిలిచినవాని మనస్సునకే తెలియును. నియమములు పట్టుకొనలేని ఈ చోటనే మర్యాద పని ప్రారంభమగును.

మొదటి మర్యాద దారి ఇచ్చుట. ఒక చుట్టు వెనుకబడిన కారు, ముందున్న కారు వచ్చి కలిసినప్పుడు దానికి దారి ఈయవలెను. కాని బాట మధ్యమున హఠాత్తుగా ఆగుట దారి ఇచ్చుట కాదు. అది మరింత అపాయకరము. తన గీతను తప్పక పట్టుకొని, మలుపు వద్ద కొంచెము వెలుపలికి జరుగవలెను. స్థానముకొరకు సమముగా పోరాడు కార్లకు ఈ నియమము లేదు. అచ్చట దాటిపోదలచినవానిదే బాధ్యత. ముందరివానిని త్రోసి పోవుట దాటిపోవుట కాదు.

రెండవది వేచియుండుట. ఒకని కారు తగిలి మరియొకని కారు బోర్లపడినచో, తగిలించినవాడు అపాయములేని చోట ఆగి, పడిన కారు మరల లేచి తనను దాటిన తరువాతనే కదలవలెనని మంచి పందెగాండ్ర ఆచారము. విద్యుత్తు కార్ల పందెము తరచుగా ఐదు నిమిషములే. మూడు సెకనులు ఆగుట అనగా అందు నూరవవంతు వదలుకొనుట. పందెములు సెకనులో పదవవంతులతో తేలుచుండగా, ఈ మూడు సెకనులు గెలుపునే వదలుకొనుట కావచ్చును. పెద్ద పోటీలలో న్యాయనిర్ణేత చూచి శిక్ష వేయును. చిన్న క్లబ్బులలో అందరిని కనిపెట్టి చూచువాడు ఉండడు. అక్కడ ఆగినవాడు తనంతట తానే ఆగినవాడు.

మూడవది అన్నింటికంటె విశేషమైనది. బోర్లపడిన కారును డ్రైవరు వేదిక దిగివచ్చి లేపుకొనజాలడు. అందుకై మలుపుల వద్ద ‘మార్షల్సు’ అను మనుష్యులు నిలుతురు. వారు జీతగాండ్రు కారు. ఇంతకు ముందరి పందెములో నడిపినవారే తరువాతి పందెమునకు మార్షల్సుగా నిలువవలెనన్నది ఈ క్రీడలో లోకమంతట పాటింపబడు ఏర్పాటు. తన పందెములో ఓడిపోయి, మనస్సు చివుక్కుమన్నవాడు కూడ వెంటనే ఇంటికి పోరాదు. మలుపు వద్ద ఎండలో నిలిచి పరుల కార్లను లేపవలెను. ఈనాడు ఎవరి కారును గ్రుద్దితినో, రేపటి పందెములో నా కారును లేపు చేతులు వానివే కావచ్చునన్న ఎరుక ప్రతివానికి ఉండును. ఏ నియమావళియు ఇంత చక్కగా బుద్ధి చెప్పజాలదు.

మార్షలునకును ధర్మములు కలవు. వచ్చుచున్న కార్లను చూడకుండ బాటలోనికి దుముకరాదు. మిత్రుని కారును ముందు, పరుని కారును తరువాత లేపరాదు. ఏది ముందు అందునో దానినే లేపవలెను. మరమ్మతు చేయుచు కూర్చుండరాదు. డ్రైవరునకు మార్షలు యెడల ఉండు ధర్మము ఇంకను పెద్దది. తన కారు మార్షలు చేతిలోనున్నంతవరకు చక్రములను త్రిప్పరాదు. త్రిప్పిన వ్రేళ్ళు తెగును. ఆలస్యమైనదని వేదికపై నుండి కేకలు వేయరాదు. ఎండలో నిలిచినవాడు సేవకుడు కాడు, సాటి పందెగాడు.

చుట్లు లెక్కించు పని కూడ మొదట మనుష్యులదే. ప్రతి కారుకు ఒకరు కూర్చుండి, అది గీత దాటినప్పుడెల్ల కాగితముపై గుర్తు పెట్టెడివారు. కార్లు గుంపుగా వచ్చినప్పుడు పొరపాట్లు సహజము. తనకు ఒక చుట్టు ఎక్కువ వ్రాసినట్లు తెలిసినవాడు స్వయముగా చెప్పుట ఆనాటి పెద్దరికము. పిదప కారులోనే చిన్న సంకేతిని అమర్చి, బాటక్రింద పాతిన తీగచుట్ట దానిని గుర్తించునట్లు చేసిరి. లెక్క కచ్చితమైనది. ఆ యొక్క నిజాయితీకి పరీక్ష తప్పిపోయినది.

క్లిప్పు అక్కరలేని కాలము

ఇరువది యొకటవ శతాబ్ది తొలి దశకమున ఈ క్రీడలో పెద్దమార్పు వచ్చెను. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు ప్రసారిణులు వెలువడినవి. పాత ఆరు రంగులు మొత్తము 0.26 మెగాహెర్ట్జ్ మేర నాక్రమించినవి. క్రొత్త ప్రాంతము 2,400 మొదలు 2,483.5 వరకు, అనగా 83.5 మెగాహెర్ట్జ్ వెడల్పు, పాతదానికి మూడువందల రెట్లకంటె ఎక్కువ. అంతేకాదు, ప్రతి ప్రసారిణికిని ఒక గుర్తుసంఖ్య ఉండును. ఒకసారి జతకట్టిన పిదప గ్రాహకము ఆ సంఖ్యతో వచ్చిన ఆజ్ఞను తప్ప మరి దేనిని పాటింపదు. టెస్లాను వేధించిన ప్రశ్నకు ఇది నూరేండ్ల తరువాత దొరికిన సమాధానము.

పెక్కు సాధనములు ఒకే పౌనఃపున్యమున నిలువక, క్షణక్షణము ఒకదానినుండి మరియొకదానికి దుముకుచుండును. ఇట్టి దుముకుడు పద్ధతికి 1942 ఆగస్టున సినీనటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథీల్ కలిసి పేటెంటు పొందియుండిరి. శత్రువు అడ్డుపెట్టజాలని విధముగా టార్పిడోను నడుపుట వారి ఉద్దేశము. పియానో మెట్లవలె 88 పౌనఃపున్యములను వారు తలచిరి.

మన దేశమున రేడియో ప్రసారిణిని ఉంచుకొనుటకు 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము ప్రకారము లైసెన్సు అవసరమై యుండెను. 2005లో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమునను, 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమునను అల్పశక్తి సాధనములకు లైసెన్సు మినహాయింపు ఇచ్చినది. అటుపిమ్మట ఈ క్రీడకు మార్గము సుగమమై, ఇంజనీరింగు కళాశాలల సాంకేతికోత్సవములలో రేడియో కార్ల పందెములు పరిపాటియైనవి. విద్యార్థులు స్వయముగా చట్రము బిగించి, మోటారు అమర్చి, మట్టిగుట్టలపై నడుపుచున్నారు.

చెక్కపలకలు, క్లిప్పులు మూలబడినవి. క్రొత్త ప్రసారిణిని ఎవ్వరిని అడుగకుండ ఎప్పుడైనను వెలిగింపవచ్చును. ఇది మేలే. పిచ్చిపట్టినట్లు పరుగెత్తు కార్లు తగ్గినవి. సంకేతము తెగినచో మోటారు తనంతట ఆగు ఏర్పాటును వచ్చినది. కాని పాతకాలపు పలకవద్ద ఒక మేలు జరిగెడిది. క్లిప్పు కొరకు వచ్చిన క్రొత్తవాడు అక్కడ నిలిచినవానితో మాటలాడవలసి వచ్చెడిది. ‘నీదెప్పుడు ముగియును? నాకెప్పుడు ఇత్తువు?’ అని అడుగవలసి వచ్చెడిది. పందెమునకు ముందే ఎదుటివాని ముఖము చూచెడివాడు. యంత్రము ఆ అవసరమును తొలగించినది. ఆ పరిచయమును కూడ తొలగించినది.

ఐనను మర్యాద అవసరము ఒకచోట తగ్గిన మరియొకచోట పెరుగుచునే యున్నది. 2010 ప్రాంతమునకు పందెములలో లిథియం-పాలిమర్ బ్యాటరీలు వ్యాపించినవి. ఇవి తేలికైనవి, బలమైనవి. కాని ఒక్కొక్క అరను 4.2 వోల్టులకు మించి నింపినను, దెబ్బతినినదానిని నింపినను మంట పుట్టవచ్చును. కావున నింపుచున్న బ్యాటరీని విడిచిపోరాదనియు, అగ్నినిరోధకమైన సంచిలో ఉంచవలెననియు క్రొత్త ఆచారము వచ్చెను. ఒకే బల్లపై పదిమంది బ్యాటరీలు ఉండును. ఒకని అజాగ్రత్త పదిమందికి ముప్పు. చూడగా ఇది ఎరుపు క్లిప్పు కథయే, వేషము మారినది.

మార్షలు నిలుచు మలుపు మాత్రము మారలేదు. పడిన కారును లేపుటకు నేటికిని ఒక మనిషి వంగవలసియున్నది. ఆ మనిషి నిన్నటి ప్రత్యర్థియే.

శాస్త్రము రెండు తరంగములు కలియకుండ చేయగలిగినది. ఇద్దరు మనుష్యులు తగవులాడకుండ చేయు స్ఫటికము నేటివరకు ఏ ప్రయోగశాలయు కోయలేదు. ఈపూరు పిల్లలకు రేపు 2.4 గిగాహెర్ట్జ్ కార్లు దొరకును. అప్పుడు ఒకరి మీటకు మరియొకరి కారు కదలదు. ఇద్దరును ఒకేసారి పరుగెత్తింపవచ్చును. కాని సిమెంటు బాట అంతే వెడల్పు. అరుగు అక్కడనే ఉండును. ఒకని కారు తగిలి రెండవవాని కారు బోర్లపడును. అప్పుడు మొదటివాడు తన కారును ఆపి, పోయి దానిని లేపి నిలబెట్టిన యెడల, అరువది యేండ్లలో ఈ క్రీడ నేర్చిన పాఠములో ముఖ్యమైన భాగము వానికి వచ్చినట్లే.